మూడో అంతస్తు మిషను

వరండా సగం కూడా కాకముందే వాక్యూమ్ మిషను గొంతు మారింది. అప్పటిదాకా బొంగురుగా రొద పెడుతున్నది కాస్తా, ఎవరో పీక నొక్కుతున్నట్టు సన్నగా కీచుమంది. రెండు నిమిషాలు అలాగే ఏడ్చి టక్కున ఆగిపోయింది. పెద్దక్క స్విచ్చి తీసి వేసింది. మళ్ళీ తీసి వేసింది. వంగి మూత మీద చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుంది. పెనంలా కాలుతోంది.

ఈ నెలలో ఇది ఎన్నోసారో ఆమె లెక్కపెట్టడం మానేసింది. అరగంట చల్లారనిస్తే మళ్ళీ తిరుగుతుంది. పది నిమిషాలు తిరిగి మళ్ళీ మొరాయిస్తుంది. దాని మర్జీ కోసం హోటలు ఆగదు కదా. పదిహేను గదులు, వాటి ముందు పొడుగాటి వరండా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచిన తివాచీ, అన్నీ మధ్యాహ్నంలోగా శుభ్రంగా కనిపించాలి. ఆ తివాచీ మీద చీపురు పనిచేయదు. పెద్దక్క మోకాళ్ళ మీద కూర్చుంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డను అరచేతికి చుట్టుకుని, తివాచీని ఒకే వైపుకి రుద్దుకుంటూ ముందుకు జరిగింది. అలా రుద్దితే నూగూ వెంట్రుకలూ ఉండలు కడతాయి. ఆ ఉండల్ని ఏరి ఏప్రన్ జేబులో వేసుకోవాలి. మూడు బారలు జరిగేసరికి మోకాలి చిప్పలు మండటం మొదలైంది.

ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. హోటల్లో పనిచేసేవాళ్ళందరికీ ఆమె పెద్దక్క. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్‌కి కూడా పెద్దక్కే.

ముందు బూట్లు కనిపించాయి. తలెత్తితే సూపర్‌వైజరు.

“ఏంటి పెద్దక్కా, ఏమన్నా పారేసుకున్నావా?”

“మిషను ఆగిపోయింది సార్.”

“మళ్ళీనా? పోయిన నెలే కదా సర్వీసు చేయించాను!”

“చేయించారు సార్. తిరిగొచ్చిన రోజు నుంచీ ఇలాగే ఉంది.”

“అంటే ఏంటి, సర్వీసువాడు దొంగా, నేను దొంగా?”

“అయ్యో, ఆ మాట నేను అనలేదు సార్.”

అనలేదు కానీ, అన్నట్టే ఆయన మొహం ముడుచుకుంది. మధ్యాహ్నం ఆమెను మేనేజరు గదికి పిలిపించారు.

మేనేజరు కేకలు వేసే మనిషి కాదు. అందుకే ఆయనంటే అందరికీ ఎక్కువ భయం. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఇంటి మనిషికి శుభవార్త చెబుతున్నట్టు చెప్పాడు.

“చూడమ్మా, మూడుసార్లు సర్వీసుకి పంపాం. ఇంక దాని మీద పెట్టేదంతా నీళ్ళపాలే. పారేసి కొత్తది తెప్పిస్తా. పెద్ద మిషను. ఒక్క మనిషి రెండంతస్తులూ లాగేయొచ్చట. సోమవారం ఆర్డరు పెడుతున్నా.”

రెండో అంతస్తులో పనిచేసే అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. పెద్దక్కకి యాభై మూడు. ఇద్దరిలో మిగిలే ఆ ఒక్కరూ ఎవరో విడిగా చెప్పాల్సిన పని లేదు.

“సోమవారం దాకా టైముంది కదా సార్,” అంది పెద్దక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇంటికి తీసుకెళ్ళి బాగుచేసి తెస్తాను.”

సూపర్‌వైజరు ఫక్కున నవ్వాడు. “ఎవరు, మీ ఆయనా? ఆయనకి కళ్ళు కనపడవు కదా!”

“చేతులు నావి సార్. ఆయన చెప్తారు, నేను చేస్తాను.”

మేనేజరు భుజాలెగరేశాడు. “ఎలాగూ పారేసేదే. తీసుకెళ్ళమనండి.”

సాయంత్రం గొట్టాన్ని మెడకి చుట్టుకుని, మిషనుని చంటిపిల్లలా చంకనెత్తుకుని, బస్సులో రెండు సీట్ల చోటు ఆక్రమించినందుకు నలుగురి చేతా మాటలు పడి, పెద్దక్క ఇల్లు చేరింది. ఇల్లంటే ఒక గది, దాని వెనక ఒక మనిషి నిలబడేంత వంట జాగా. భర్త గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు మోటార్లకు రాగితీగ చుట్టిన మేస్త్రి. మూడేళ్ళ కింద షుగరు ఆయన కళ్ళను తినేసింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. వైండింగ్ మిషను అమ్మేసుకున్నా, రెండు స్క్రూడ్రైవర్లూ ఒక ప్లయరూ టెస్టరూ ఉన్న రేకు డబ్బాను మాత్రం తలగడ పక్కనే ఉంచుకుంటాడు.

“ఏంటే, అడుగు బరువుగా పడుతోంది. ఎవర్నైనా ఎత్తుకొచ్చావా?”

“మీకు చుట్టాన్నే తెచ్చాను,” అంది ఆమె. మిషనుని ఆయన ముందు దించి సంగతి చెప్పింది. కొత్త మిషను వస్తే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకి అర్థమైంది.

“ఎలా అరుస్తోంది?”

“సన్నగా.”

“సన్నగా అంటే నాకేం తెలుస్తుంది? అరిచి చూపించు.”

“చాల్లెండి, పక్కింటివాళ్ళు వింటారు.”

“వింటే విననీ. డాక్టరు దగ్గర సిగ్గుపడితే ఎలా?”

ఆమె గడపవైపు ఓసారి చూసుకుని, గొంతు చించుకోకుండా వీలైనంత సన్నగా కీచుమంది. ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. చాలా రోజులైంది ఆయన అలా నవ్వి.

“మోటారు బంగారంలా ఉంది. చెడిన మోటారైతే గరగరమంటుంది. దీనికి ఊపిరాడట్లేదు, అంతే. గాలి అందకపోతే ఒట్టినే తిరుగుతుంది, జోరెక్కి సన్నగా అరుస్తుంది. చల్లబరిచే గాలి కూడా అదే కాబట్టి వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే లోపల చిన్న బిళ్ళ ఒకటి కరెంటు కట్ చేసేస్తుంది. మిషను బతకడానికే ఆగిపోతోంది పాపం.”

గొట్టం ముందు చూడాలని ఆయనకు తెలియక కాదు. కానీ మూడేళ్ళుగా ఆయన ముందుకి ఒక్క మోటారూ వచ్చింది లేదు. వేళ్ళతో మూత అంచులు తడిమాడు, అతుకు దొరికింది, అక్కడే ఆగాడు.

“విప్పు. ఆరు స్క్రూలుంటాయి. తీసిన ప్రతిదీ డబ్బా మూతలో వెయ్యి. నాకు వినపడేలా వెయ్యి.”

ఆమె మిషనుని బోర్లించి దీపం దగ్గరికి లాక్కుంది. స్క్రూ తలలు గుంటల్లో లోతుగా ఉన్నాయి.

“వీటి మీద ఎర్రగా ఏదో పోసి ఉందండీ. లక్కలా ఉంది.”

“పగిలి ఉందా?”

“లేదు. గాజులా మెరుస్తోంది.”

ఆయన ముందుకి వంగాడు. “ఆరింటి మీదా?”

“ఆరింటి మీదా.”

“అది కంపెనీవాళ్ళు పోసిన లక్క. విప్పితే పగలాలి. మూడుసార్లు సర్వీసు చేశారని కదూ అన్నావు? పైపైన తుడిచి పంపించారే! ఎవడూ ముట్టుకోలేదు దీన్ని.”

ఆమె నొక్కి తిప్పింది. లక్క పొడిపొడిగా రాలింది. ఒక్కొక్క స్క్రూ మూతలో పడ్డప్పుడల్లా ఆయన వేలు మడిచాడు. ఆరు. లోపల వడపోత బట్ట మందాన బూడిదరంగు దుమ్ము రొట్టెలా పేరుకుని ఉంది. దాన్ని తీసి వాకిట్లో దులిపి వచ్చింది. ఆయన ఆమె వేలు పట్టుకుని మోటారు పక్కన ఉండే, తిరిగేకొద్దీ అరిగిపోయే బొగ్గు ముక్క మీద పెట్టించాడు.

“ఎంత పొడుగుంది? నీ చిటికెన వేలి గోరంత ఉందా?”

“అంతకన్నా ఎక్కువే ఉంది.”

“అయితే ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు. మూసెయ్. ఇప్పుడు గొట్టం చూద్దాం.”

ఆరు స్క్రూలూ తిరిగి బిగించాక, గొట్టాన్ని నిలువుగా ఎత్తి పైనుంచి ఒక నాణెం వేయమన్నాడు. వేసింది. అది గలగలా కొంత దూరం జారి, పిడి దగ్గరి వంపులో ఆగిపోయింది. ఎంత దులిపినా కింద పడలేదు.

“అదిగో దొంగ,” అన్నాడాయన.

బట్టలారేసే తీగను కోసి చివర కొక్కెంలా వంచి, వంపులోకి దోపి లాగింది. మొదట ఏదీ కదల్లేదు. గొట్టాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని, తీగను తిప్పుతూ గట్టిగా లాగేసరికి ఎలుకపిల్లంత ముద్ద ఒకటి బయటపడింది. ఎవరెవరివో వెంట్రుకలు, దుప్పటి దారాలు, పళ్ళపుల్ల, నాణెం, అన్నీ కలిసి చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. చేత్తో విడదీస్తుంటే ముద్ద మధ్యలోంచి ఏదో జారి గచ్చు మీద టిక్కుమని పడింది.

బంగారు ఆకు. ఆకు నడుమ ఆకుపచ్చ రాయి. వంగిపోయిన కొక్కెం. చెవికి పెట్టుకునేది, ఒక్కటే.

పెద్దక్క దాన్ని చూస్తూ ఉండిపోయింది. పదకొండు నెలల కింద మూడో అంతస్తులో దిగిన ఒక గెస్టు చెవిపోగు పోయింది. ఆ గది పని చూసే అమ్మాయిని మేనేజరు గంటసేపు కూర్చోబెట్టి అడిగాడు. మిషను సంచి చింపి వెతికించాడు, అందులో లేదు. ఆమె బ్యాగు బోర్లించారు, అందులోనూ లేదు. అయినా దొంగ అని ముద్ర వేసి పంపేశారు. ఆ పొద్దున గదిలోకి ఆమె తప్ప ఇంకెవరూ వెళ్ళలేదని రాసిన కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టింది పెద్దక్కే.

కానీ ఇంకొకరు వెళ్ళారు. “అక్కా, దుప్పట్లకి కిందికి పోయొస్తా, కాస్త ఈ గది కూడా లాగేయవా” అని ఆ అమ్మాయి అడిగితే, పెద్దక్క వెళ్ళి లాగింది. మంచం పక్కన లాగుతున్నప్పుడు గొట్టంలో ఏదో చిటుక్కుమంది. గుండీయో గుండుసూదో అనుకుంది. సంతకం పెట్టేటప్పుడు ఆ చప్పుడు గుర్తొచ్చిందో లేదో ఇప్పుడు ఆమెకే తెలియదు. సంచిలో దొరకలేదు కదా అని మనసుకి చెప్పుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

“ఏం పడింది?” అన్నాడు భర్త.

“స్క్రూ.”

ఆయన మొహం ఆమెవైపు తిరిగింది. ఆరు వేళ్ళు మడిచి, ఆరు స్క్రూలూ బిగించే చప్పుడు విన్న మనిషి.

“మరి గొట్టంలో ఏముంది?”

“జుట్టండీ. ఒట్టి జుట్టు.”

“ఊఁ,” అన్నాడు. తడుముకుంటూ డబ్బా మూత బిగించుకున్నాడు.

మర్నాడు శనివారం. మిషను మూడో అంతస్తు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఊపున లాగింది. తివాచీ మీద దున్నిన చేనులా చారలు తేలాయి. ఎక్కడా ఆగలేదు, వేడెక్కలేదు. గొంతు చక్కగా బొంగురుగా ఉంది. సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ అనకుండా చూసి వెళ్ళాడు. మధ్యాహ్నం మేనేజరే పైకొచ్చాడు.

“భలే! ఇంతకీ ఏముంది లోపల?”

చెవిపోగు చేతిరుమాలులో ముడివేసి ఆమె రవిక లోపల ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా కొక్కెం గుచ్చుకుంటోంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

“జుట్టు సార్,” అంది.

“జుట్టుకే ఇంత గోలా!” అని నవ్వుకుంటూ ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆమె ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళింది. హోటల్లో ఆమెను గలగల అనేవారు. మూడో అంతస్తులో నవ్వితే గేటు దగ్గర వినపడుతుందని వాచ్‌మన్ పెట్టిన పేరు. పాత ఇల్లు ఖాళీ చేసిందని తెలిసింది. అక్కడా ఇక్కడా అడగ్గా అడగ్గా, ఊరి చివర సీసాలు కడిగే షెడ్డు దగ్గర తేలింది. రేకుల కింద వరసగా సిమెంటు తొట్లు. ఒక్కో తొట్టి ముందు ఇద్దరేసి ఆడవాళ్ళు చిన్న పీటల మీద కూర్చుని పాత సీసాలను నానబెట్టి, కాగితాలు గీకి, బ్రష్షు తోసి కడుగుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గాజుకి గాజు తగిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరి తొట్టి దగ్గర గలగల ఒక్కతే ఉంది. వేళ్ళు నీళ్ళకి నాని, తెల్లగా ఉబ్బి, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి.

“ఎవరు కావాలి?” అంది తలెత్తకుండానే.

“నేనే.”

“కనపడుతోంది.”

పెద్దక్క ఎదురుగా ఉన్న ఖాళీ పీట మీద కూర్చోబోయి, కూర్చోలేక, గొంతుక్కూర్చుంది. రవికలోంచి రుమాలు తీసి ముడి విప్పి, అరచేతిలో పెట్టి చాపింది. గలగల చూసింది. చేతిలో సీసా అలాగే నీళ్ళలోకి జారిపోయింది. ముట్టుకోలేదు.

“ఎక్కడ?”

“మిషను గొట్టంలో. వంపులో ఇరుక్కుని ఉంది. మొన్న బాగుచేద్దామని విప్పితే…”

“అయితే నువ్వు లాగినప్పుడే పోయిందన్నమాట.”

పెద్దక్క ఉలిక్కిపడింది. ఈ మాట చెప్పడానికే దారి పొడుగునా ఆమె గొంతు కూడదీసుకుంటూ వచ్చింది.

“నేను లాగినట్టు నీకు తెలుసా?”

“తెలియకపోవడమేంటి? నేనే కదా అడిగాను లాగమని. దుప్పట్లు తీసుకుని వచ్చేసరికి తివాచీ మీద చారలున్నాయి.”

“మరి అడిగినప్పుడు చెప్పలేదేం? గంటసేపు అడిగారు కదా నిన్ను.”

గలగల నీళ్ళలోంచి సీసా తీసింది. కాగితాన్ని గోటితో గీకుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

“నువ్వే తీశావనుకున్నాను.”

పక్క తొట్టి దగ్గర ఎవరో సీసాల బుట్టను నేలమీద ఈడ్చారు. ఆ చప్పుడు అయ్యేదాకా ఆగింది.

“ముందు అనుకోలేదు. నీ పేరు చెప్తే నిన్నూ ఇరికిస్తారని అప్పుడు ఊరుకున్నా. నువ్వు సంతకం పెట్టాక అనుకున్నా. వారం తిరక్కుండానే మీ ఆయనకి కళ్ళ ఆపరేషన్ చేయించావని విన్నా. ఇంకేం అనుకోను? సరేలే, ఒక మనిషికి చూపొస్తే రానీ అనుకున్నాను. నాకు ఈ పని కాకపోతే ఇంకోటి, కళ్ళు మళ్ళీ దొరుకుతాయా అనుకున్నాను. దొంగ అని పేరు పడితే ఇంకో పని దొరకదని అప్పటికి తెలీదులే.”

“అది ఆయన వైండింగ్ మిషను అమ్మిన డబ్బు,” అంది పెద్దక్క. సీసాల చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. మళ్ళీ అనాల్సి వచ్చింది. “మిషను అమ్మి చేయించాను.”

“ఇప్పుడు చెప్తున్నావు.”

“చూపు కూడా రాలేదు.”

గలగల నవ్వింది. మూడంతస్తులు దాటి వినపడే నవ్వు కాదది. ముక్కులోంచి గాలి వదిలినట్టు వచ్చి పోయింది.

“మా అమ్మ పోయింది, తెలుసా? పోయే ముందురోజు అందర్నీ బయటికి పంపించేసింది. నా చెయ్యి పట్టుకుని, ‘నాకైనా చెప్పవే, ఎక్కడ దాచావు’ అంది. తిట్టినట్టు అడగలేదక్కా. మంచిగా అడిగింది. చెప్తే తను దాచిపెడతానన్నట్టు అడిగింది.”

అక్కా అన్న మాట అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. వచ్చినందుకు గలగల మొహం గట్టిపడింది. సీసాను పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.

“ఇది నాకెందుకు చూపిస్తున్నావు? తీసుకెళ్ళు. నా దగ్గర చూస్తే ఈసారి నిజంగానే దొంగనవుతాను.”

పెద్దక్క రుమాలు ముడి వేసుకుంది. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. తొట్టి అంచు పట్టుకుని లేచింది. గలగల చెయ్యి అందించలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం వేసి, ఇద్దరికీ కంచాలు పెట్టి, తన కంచం ముందు ఊరికే కూర్చుంది. భర్త తింటూ తింటూ ఆగాడు.

“స్క్రూ దొరికిందా?”

“ఏ స్క్రూ?”

“మొన్న కిందపడింది కదా, ఏడో స్క్రూ.”

అప్పుడు చెప్పింది. చెవిపోగు సంగతి, గదిలో లాగిన సంగతి, సంతకం సంగతి, గలగల అనుకున్న సంగతి, ఆమె తల్లి అడిగిన సంగతి. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆయన మెతుకులంటిన చెయ్యి కంచం మీద అలాగే ఉంచాడు. చెయ్యి ఎండిపోయింది.

“సంతకం ఎందుకు పెట్టావు?” అన్నాడు చివరికి.

“నేనూ వెళ్ళానంటే నన్నూ తీసేసేవారు. మీ ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకున్నాం అప్పటికే. ఆస్పత్రికి తిప్పాలి, మందులు కొనాలి…”

“నా కళ్ళ పేరు చెప్పి నువ్వు సంతకం పెట్టావు. నా కళ్ళ పేరు చెప్పే ఆ పిల్ల నోరు మూసుకుంది.” ఆయన గొంతు పెంచలేదు. “ఆ కళ్ళు నావి. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు.”

ఆయన గోడ పట్టుకుని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎప్పుడూ ఆమె వెంట వెళ్ళి నీళ్ళు పోసేది. ఆ రోజు లేవబోతే, “నేను పోసుకుంటాలే” అన్నాడు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి హోటలు వెనక పెరట్లో అందరూ రెండు వరసల్లో నిలబడ్డారు. ఎవరికి ఏ పని అని సూపర్‌వైజరు చదివే వేళ. సోమవారాలు మేనేజరు కూడా వచ్చి నాలుగు మాటలు చెబుతాడు. ఆ రోజు ఆయన మంచి ఉషారుగా ఉన్నాడు.

“మన పెద్దక్కని చూసి అందరూ నేర్చుకోవాలి. సర్వీసువాళ్ళ చేత కానిది ఇంట్లో కూర్చుని బాగుచేసుకొచ్చింది. కాబట్టి కొత్త మిషను ఆర్డరు ఆపేశాను. ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు. చప్పట్లు కొట్టండి.”

అందరూ కొట్టారు. రెండో అంతస్తు అమ్మాయి అందరికన్నా గట్టిగా కొట్టింది. లాండ్రీ ఆవిడ పెద్దక్క వీపు తట్టింది. ఆ తట్టుడుకి రవికలో ఉన్న కొక్కెం చర్మంలో దిగింది. పెద్దక్క వరసలోంచి ఒకడుగు ముందుకి వేసింది. ఏదో కృతజ్ఞత చెబుతుందని మేనేజరు నవ్వుతూ చూశాడు.

ఆమె రుమాలు విప్పి, పెరటి ఎండలో అందరికీ కనపడేలా చెవిపోగు పైకెత్తి పట్టుకుంది.

“ఇది మిషను గొట్టంలో దొరికింది. గలగల తియ్యలేదు. ఆ గది ఆ రోజు లాగింది నేను. గలగల ఒక్కతే వెళ్ళిందని నేను పెట్టిన సంతకం అబద్ధం.” ఊపిరి తీసుకుంది. “మూడుసార్లు సర్వీసు చేశామన్నారు. స్క్రూల మీద లక్క కూడా పగల్లేదు. ఒక్కసారి ఎవరైనా గొట్టం విప్పి ఉంటే ఇది అప్పుడే దొరికేది.”

సూపర్‌వైజరు చేతిలోని కాగితాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేశాడు. లాండ్రీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గలగల బ్యాగు బోర్లించింది ఆవిడే.

మేనేజరు అందరినీ పనిలోకి పంపేసి, పెద్దక్కను తన గదికి రమ్మన్నాడు. చెవిపోగును కవరులో వేసి, అంచు తడిపి అతికించి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

“ఆ గెస్టుకి మనం అప్పుడే పరిహారం ఇచ్చేశాం. ఆ సంగతి ముగిసిపోయింది. నా దగ్గరికొచ్చి చెప్తే సరిపోయేది కదా? అందరి ముందూ ఎందుకు?”

“మీ దగ్గర చెప్తే సొరుగులో ఉండిపోయేది సార్.”

ఆయన ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“ఆ అమ్మాయి దొంగ కాదని ఒక కాగితం రాసివ్వండి సార్. పని దొరుకుతుంది.”

“కాగితమిస్తే మనం తప్పు చేశామని ఒప్పుకున్నట్టు అవుతుంది.”

“చేశాం కదా సార్.”

“చేసింది నువ్వు,” అన్నాడు మేనేజరు. కోపంగా కూడా అనలేదు. “సంతకం నీదే కదా. నేను నీ మాట నమ్మాను.”

అది నిజమే.

“ఏప్రను లాండ్రీలో ఇచ్చేసి వెళ్ళు. రేపటినుంచి రానక్కర్లేదు.”

మధ్యాహ్నానికల్లా కొత్త మిషనుకి ఆర్డరు పెట్టారని, పాతదాన్ని మెట్ల కింది గదిలో పడేశారని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఆమెను పెద్దక్కా అని పిలవలేదు. పిలవకూడదని కాదు. నోరు రాలేదు, అంతే.

మంగళవారం తెల్లవారగానే పెద్దక్క సీసాల షెడ్డుకి వెళ్ళింది. యజమానిని అడిగితే, పైనుంచి కింద దాకా చూసి, “వారం రోజులు చెయ్యి, చూద్దాం” అన్నాడు. చివరి తొట్టి దగ్గరే ఖాళీ ఉంది. గలగల అప్పటికే వచ్చి పనిలో ఉంది. పెద్దక్క పీట దగ్గర నిలబడింది.

“నిన్న సాయంత్రం లాండ్రీ ఆవిడ మా ఇంటికొచ్చింది,” అంది గలగల. “గుమ్మంలో నిలబడి ఏడ్చింది. లోపలికి రమ్మని అనలేదు.”

“ఊఁ.”

“నువ్వొచ్చినా అనను.”

“సరే.”

గలగల కాలితో పీటను ఇవతలికి తోసింది. “బ్రష్షు అక్కడ మేకుకి ఉంది. అరిగిపోయింది తీసుకోకు, చేతికి గుచ్చుకుంటుంది.”

పెద్దక్క కూర్చుని చేతులు నీళ్ళలో పెట్టింది. మణికట్టు దాకా జివ్వుమంది. కాసేపటికి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి. ఒక సీసా తీసి, కాగితం గీకి, బ్రష్షు తోసి నాలుగు వైపులా తిప్పి, మంచినీళ్ళలో ముంచి తీసి, ఇద్దరి మధ్యా ఉన్న బుట్టలో నిలబెట్టింది. ఇంకొకటి తీయబోతుంటే గలగల చెయ్యి చాచి ఆ మొదటి సీసాను అందుకుంది. రేకుల సందులోంచి పడుతున్న ఎండకి ఎత్తి పట్టుకుని, అడుగు వైపు నుంచి చూసింది. తిరిగి తొట్టిలో వేసింది.

“అడుగున ఉండిపోయింది,” అంది. “మళ్ళీ కడుగు.”

పెద్దక్క దాన్ని తీసుకుని మళ్ళీ కడిగింది.